నాగసాకిలో రెండు రోజులు: ప్రార్థన యాత్రకు వెళ్లేవాళ్లు ముందుగా తెలుసుకోవలసినవి

అడిగినవారు: విశాఖ విశ్వాసి

అందరికీ వందనాలు. మా సంఘం నుంచి ఎనిమిది మందిమి నవంబరులో జపాన్ వెళ్తున్నాం. నాగసాకికి రెండు రోజులే కేటాయించాం. హతసాక్షుల కొండ, బాంబు పడిన చోటు, ఉరకామి చర్చి చూసి అక్కడ ప్రార్థించాలని ఉంది. జపాన్‌లో క్రైస్తవులు నూటికి ఒకరు కూడా కష్టమేనట. దానికి కారణం 2 కొరింథీ 10:4లో ఉన్న ‘దుర్గములే’ అనీ, ఆ నేల మీద నిలబడి చీకటి శక్తులను బంధిస్తూ గట్టిగా ప్రార్థించాలనీ మావాళ్లు అంటున్నారు. ఏ వరసలో తిరగాలి? అక్కడివాళ్లకు ఇబ్బంది లేకుండా ఎలా ప్రార్థించాలి? సువార్తకు అక్కడ నిజంగా అడ్డుపడినవి ఏమిటి? ఇంకొకటి, అమెరికా కావాలనే చర్చి మీద బాంబు వేసిందని ఒక ప్రసంగంలో విన్నాం. నిజమేనా?

జవాబు 1: నాగసాకి బాట

ముందు ఆ చివరి ప్రశ్న. నిజం కాదు, దయచేసి ఆ మాట అక్కడ ఎత్తకండి. 1945 ఆగస్టు 9న విమానం మొదటి గురి కోకురా. అక్కడ మబ్బూ పొగా కమ్మి కింద ఏమీ కనబడకపోవడంతో నాగసాకికి మళ్లింది. అక్కడా మబ్బే. ఊరి నడుమ వేయాలనుకున్న బాంబును మబ్బుల్లో సందు దొరికిన చోట వదిలారు. అది అనుకున్న చోటికి సుమారు 3 కిలోమీటర్ల దూరాన, ఉరకామి లోయ మీద, 11:02కి పేలింది. చర్చి అక్కడికి అర కిలోమీటరే. మరియమాత మోక్షారోపణ పండుగ దగ్గర పడుతోందని లోపల ఇద్దరు ఫాదర్లు పాపసంకీర్తనాలు వింటున్నారు. వాళ్లూ, వచ్చిన విశ్వాసులూ ఎవరూ మిగల్లేదు. ఉరకామిలో ఉన్న సుమారు 12,000 మంది కేథలిక్కుల్లో 8,500 మంది దాకా పోయారు. చర్చిని గురిపెట్టలేదు సరే, వేసినవాళ్లలోనూ క్రైస్తవులున్నారు కదా. ఆ విమానం బయల్దేరిన టినియన్ దీవిలో సైనికులకు మతగురువుగా ఉన్న ఫాదర్ జార్జ్ జాబెల్కా తర్వాతి కాలంలో అందుకు బహిరంగంగానే పశ్చాత్తాపపడ్డారు.

ఇక తిరిగే వరస. చాలామంది మొదట ఓఉరా చర్చి, పక్కనున్న గ్లోవర్ తోట చూసి, సాయంత్రం అలసిపోయి అణుబాంబు మ్యూజియానికి చేరతారు. అప్పటికి మూసే వేళ అవుతుంది. మీరు ఉరకామి వైపే ముందు పెట్టుకోండి.

మొదటి రోజు ఉదయం స్టేషన్ నుంచి నడిచే నిషిజాకా కొండ (మీరన్న హతసాక్షుల కొండ) ఎక్కండి, ఐదారు నిమిషాల దారి. 1597 ఫిబ్రవరి 5న అప్పటి జపాన్ పాలకుడు హిదెయోషి ఆజ్ఞతో 26 మంది క్రైస్తవులను సిలువ వేసింది ఇక్కడే. వాళ్లలో గొన్సాలో గార్సియా మన ముంబయి పక్కనున్న వసాయిలో పుట్టినవాడు. ఆ పేరు వెతికి ఆగండి. తర్వాత ట్రాములో అణుబాంబు మ్యూజియం స్టాపులో దిగండి (‘గెన్‌బకు షిర్యోకాన్’ అని పిలుస్తారు). ట్రాము వెనక తలుపు నుంచి ఎక్కి, దిగేటప్పుడు ముందు డ్రైవరు దగ్గర డబ్బు కట్టాలి, కాబట్టి చిల్లర సిద్ధంగా ఉంచుకోండి. మ్యూజియానికి రెండు గంటలు కావాలి. అక్కడినుంచి అన్నీ నడక దూరమే: బాంబు కేంద్రంలోని నల్లరాతి స్తంభం, దాని పక్కకు తెచ్చి నిలబెట్టిన పాత చర్చి గోడ ముక్క, ఆపైన శాంతి పార్కు, చివరికి ఉరకామి చర్చి. ఇప్పుడున్న కట్టడం 1959లోది. బాంబు దెబ్బకు ఎగిరిపడిన గంట గోపురం ఉత్తరం వైపు వాలులో ఇప్పటికీ అలాగే ఉంది, చూడకుండా వచ్చేయకండి.

రెండో రోజు ఓఉరా. స్టేషన్ నుంచి 1వ నంబరు ట్రాము ఎక్కి షించి చుకాగైలో 5వ నంబరుకు మారాలి. లోపల ఫొటోలు నిషిద్ధం. నిషేధ కాలంలో క్రైస్తవులు రహస్యంగా బతికిన సొతొమే గ్రామాలు కూడా చూడాలనుకుంటే బస్సులోనే రోజు చాలా భాగం పోతుంది. రెండు రోజుల్లో ఇమడదు, వదిలేయండి.

జవాబు 2: పాత పుటలు

అడ్డు గురించి. ‘దుర్గములు’ అనే మాట వాడండి, తప్పు లేదు. కానీ అక్కడ ఆ దుర్గాన్ని ఏ రాయితో కట్టారో తెలియకుండా ప్రార్థిస్తే గురి తప్పుతుంది.

1614లో దేశమంతటా క్రైస్తవాన్ని నిషేధించారు. తర్వాత ప్రతి కుటుంబం ఏదో ఒక బౌద్ధాలయంలో పేరు నమోదు చేయించుకోవాలన్నారు. క్రైస్తవులు కామని రుజువు చేసుకోవడానికి నాగసాకి ప్రాంతంలో ఏటా క్రీస్తు బొమ్మనో మరియ బొమ్మనో కాలితో తొక్కించేవారు. తొక్కినవాళ్లలో చాలామంది ఇంటికి వెళ్లి పశ్చాత్తాప ప్రార్థన చెప్పుకునేవారు. ఫాదర్ ఒక్కడూ లేకుండా, ఊరి పెద్దలే బాప్తిస్మమిస్తూ, రెండు వందల ఏళ్లకు పైగా అలా నడిచింది. 1865 మార్చి 17న ఉరకామి రైతులు కొత్తగా కట్టిన ఓఉరా చర్చికి వచ్చి, తమ హృదయమూ మీ హృదయమూ ఒకటేనని ఫ్రెంచి మిషనరీ ఫాదర్ పెతీజాన్‌తో చెప్పారు. ఆ తర్వాత కూడా ఉరకామి నుంచి 3,000 మందికి పైగా దేశంలో నలుమూలలకూ వెళ్లగొట్టారు. 600 మందికి పైగా తిరిగి రాలేదు. నిషేధపు పలకలు తీసింది 1873లో. తిరిగొచ్చినవాళ్లు కొని చర్చి కట్టుకున్నది ఎక్కడనుకున్నారు? బొమ్మలు తొక్కించిన ఆ గ్రామాధికారి ఇంటి స్థలంలోనే.

నమోదు చట్టం పోయింది గానీ దాని నీడ పోలేదు. ఈనాటికీ బాప్తిస్మం అనగానే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న, “మరి కుటుంబ సమాధిని ఎవరు చూస్తారు? ఇంట్లో పెద్దల పీఠానికి ఎవరు మొక్కుతారు?” మన ఇళ్లలో పెద్దకర్మ దగ్గర వచ్చే చిక్కు లాంటిదే. అందుకే చాలా జపాన్ సంఘాలు సొంతంగా అస్థికల గది కట్టుకుంటాయి. ప్రార్థనాంశం కావాలంటే, ఒంటరిగా బాప్తిస్మం తీసుకున్న కోడలి కోసమో పెద్దకొడుకు కోసమో ప్రార్థించండి.

ప్రొటెస్టెంట్లు తెలుసుకోవలసింది మరొకటుంది. 1941లో ప్రభుత్వ ఒత్తిడితో ముప్పైకి పైగా శాఖలు ఒకే సంఘంగా కలిశాయి. మరుసటి ఏడు అందులో కలిసిన హోలీనెస్ శాఖ పాస్టర్లను అరెస్టు చేశారు. యుద్ధానికి సహకరించినందుకు ఆ ఐక్య సంఘం 1967 ఈస్టరు నాడు తన బాధ్యతను ఒప్పుకుంటూ ప్రకటన చేసింది. సంఘం తలవంచి ఒప్పుకున్న దేశంలో మనం గొంతెత్తి ‘బంధిస్తున్నాం’ అనడం నాకు సరిగా తోచదు.

అడిగినవారు: విశాఖ విశ్వాసి

చాలా వందనాలు. ఒక్క సందేహం. బాంబు నుంచి బతికి బయటపడిన నాగసాకి కేథలిక్ వైద్యుడు డాక్టర్ నగాయ్ ఉరకామి మృతులను దహనబలితో పోల్చారని విన్నాం. మా పాస్టర్ గారు అక్కడ అదే వాక్యంగా చెప్పాలనుకుంటున్నారు.

జవాబు 3: నాగసాకి బాట

వద్దని చెప్పండి బ్రదర్. 1945 నవంబరు 23న, శిథిలాల పక్కన మృతుల కోసం జరిగిన పూజలో నగాయ్ ఆ మాట అన్నారు. ఆయన భార్య మిదోరి ఆ బాంబుకే బలైంది. తనకు అప్పటికే రక్తపు కేన్సరు. తోటి బాధితుల మధ్య నిలబడి బాధితుడు అన్న మాట అది. బయటినుంచి వచ్చినవాళ్లు అంటే బాంబు దేవుని చిత్తమన్నట్టు వినబడుతుంది. ఉరకామిలోనే ఆ పోలికను ఒప్పుకోనివాళ్లున్నారు. 1981లో పోపు రెండవ జాన్ పాల్ హిరోషిమాలో యుద్ధం మనిషి చేసిన పని అని స్పష్టంగా చెప్పారు.

మీది విశాఖ కాబట్టి మరో మాట. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. నాగసాకిలో జపాన్ వల్ల నష్టపోయినవాళ్ల గుర్తులు కూడా ఉన్నాయి. బాంబు కేంద్రం దగ్గర కొరియన్ల స్మారకం ఉంది. శాంతి పార్కులో పాత జైలు పునాదులున్నాయి, అందులో 134 మంది పోయారు, కొరియన్లూ చైనీయులూ ఉన్నారు. అక్కడా రెండు నిమిషాలు నిలబడండి.

ప్రార్థన మౌనంగానో, పక్కవాళ్లకు మాత్రమే వినబడేలానో చేయండి. కరపత్రాలు పంచకండి. స్తంభం ముందు గుంపుగా నిలబడిపోకుండా పక్కకు జరగండి, పూలు పెట్టేవాళ్లు వస్తూనే ఉంటారు. కలిసి గొంతెత్తి ప్రార్థించాలనుకుంటే హోటల్ గదిలో చేసుకోండి, లేదా అక్కడి సంఘానికి ముందే రాసి వాళ్లతో కలవండి. ఉరకామి చర్చి నుంచి నగాయ్ చివరి రోజులు గడిపిన న్యోకోదో గుడిసె దగ్గరే. రెండు చాపలంత గది, బయటినుంచే చూడాలి. ఎనిమిది మందికీ ఒకేసారి చోటు చాలదు, ఇద్దరిద్దరుగా వెళ్లండి.