తిరుపతిలో హామ్ టీవీ రిపీటర్ పెట్టడం అయ్యే పనేనా?

అలిపిరి_హామ్:
అన్నలకు నమస్కారం. ఈ మధ్యే హామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్సు వచ్చింది, కింది స్థాయి రిస్ట్రిక్టెడ్ గ్రేడు. మాట్లాడుకోవడం బాగానే ఉంది గానీ నాకు పిచ్చంతా వీడియో మీదే. బ్రిటన్‌లో బీఏటీసీ అని అమెచ్యూర్ టీవీ క్లబ్ 1949 నుంచి నడుస్తోంది, అక్కడ వాలంటీర్లే చాలా చోట్ల టీవీ రిపీటర్లు (సిగ్నల్ అందుకుని మళ్ళీ దూరం పంపేవి) పెట్టుకుని ఒకరి బొమ్మ ఒకరు చూసుకుంటున్నారు. మనకేమో పక్కనే ఇంత కొండ ఉంది. చంద్రగిరి, రేణిగుంట, కుదిరితే చిత్తూరు దాకా అందేలా ఒకటి పెట్టాలంటే ఏమేం కావాలి?

చిత్తూరు_పాతకాపు:
కొండ మీద ఆశ వదిలేయి నాయనా. అటు అడవి శాఖ, ఇటు దేవస్థానం, ఎవరిని అడిగినా తేలే పని కాదు. చిత్తూరుకు నేరుగా అందడం కూడా కష్టం, మధ్యలో అన్నీ గుట్టలే.

ఇంకో సంగతి. పాత అనలాగ్ ఎఫ్‌ఎం టీవీకి పదహారు మెగాహెర్ట్జ్‌కు పైనే జాగా కావాలి, మనకు 70 సెంటీమీటర్ల బ్యాండులో ఉన్నదే 434 నుంచి 438 మెగాహెర్ట్జ్ దాకా. డిజిటల్‌లో, సెకనుకు 333 కిలోసింబల్స్ (333 వేల సిగ్నల్ మార్పులు) వేగంతో పంపితే అర మెగాహెర్ట్జ్ కూడా పట్టదు, కాబట్టి ఆ దారే మేలు. అసలు నీ లైసెన్సు కాగితంలో వీడియో పంపడానికి అనుమతి ఉందా? ముందు అది చూడు. రిపీటర్‌కు అనుమతి మళ్ళీ వేరే కథ.

పుత్తూరు_టు_లండన్:
పరికరాల కోసం దిగులు పడొద్దు తమ్ముడూ. పోర్ట్స్‌డౌన్ అని రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడిచే ట్రాన్స్‌మీటర్ డిజైన్ బీఏటీసీ వాళ్ళది ఉంది, వివరాలన్నీ అందరికీ ఇచ్చేశారు. ఒక ఫ్రీక్వెన్సీలో వచ్చిన బొమ్మను పట్టి ఇంకో దాంట్లో వదలడమే రిపీటర్ పని, ఎవరూ లేనప్పుడు కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు), టెస్ట్ కార్డు (పరీక్ష బొమ్మ) చూపిస్తూ ఉంటుంది. చెప్పడానికి ఇంతే. కానీ ఏడాది పొడుగునా కరెంటు బిల్లు కట్టేదెవరు, పిడుగు పడితే టవరెక్కేదెవరు? ఇక్కడ చందాలు వేసుకునే గ్రూపులు ఉన్నాయి కాబట్టి సాగుతోంది. మన దగ్గర కనీసం నలుగురైదుగురు వీడియో పంపేవాళ్ళు లేకుండా రిపీటర్ పెడితే రోజంతా టెస్ట్ కార్డే చూసుకోవాలి.

మదనపల్లె_డిష్:
రిపీటర్ కావాలంటే ఆకాశంలో ఉంది కదా! క్యూఓ-100. ఖతార్ వాళ్ళ ఎస్‌హెయిల్-2 ఉపగ్రహంలో హామ్‌ల కోసం పెట్టింది, 2018 నవంబరులో ఎగిరింది. తిరుపతి నుంచి చూస్తే పడమరకు కాస్త దక్షిణంగా, దాదాపు 28 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, కాబట్టి ఉత్తరాన ఉన్న కొండ అడ్డు రాదు. టీవీ బీకన్ (ఎప్పుడూ వస్తూ ఉండే గుర్తు సిగ్నల్) 10491.5 మెగాహెర్ట్జ్‌లో వస్తుంది, ముందు అది పట్టు. పంపడం సంగతి తర్వాత, దాని అప్‌లింక్ (మనం పైకి పంపేది) 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉంటుంది కాబట్టి మళ్ళీ ఆ లైసెన్సు కాగితమే చూసుకోవాలి.

అలిపిరి_హామ్:
ఇది బాగుందన్నా! మేడ మీద పాత డీటీహెచ్ డిష్ ఖాళీగా పడి ఉంది. దాన్ని అటు తిప్పి, ఇంట్లో ఉన్న సెట్‌టాప్ బాక్స్‌కే తగిలిస్తే బొమ్మ వస్తుందా?

మదనపల్లె_డిష్:
బాక్స్‌తో రాదు. ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందుండే చిన్న రిసీవర్ పెట్టె) ఆ సిగ్నల్ ఫ్రీక్వెన్సీలోంచి 9750 తీసేస్తే కిందికి వచ్చేది 741.5 మెగాహెర్ట్జ్, మామూలు బాక్సులు 950 నుంచి గానీ మొదలవ్వవు. మినిటియూనర్ (ఇలాంటి డిజిటల్ టీవీ పట్టే రిసీవర్) కొను, లేదంటే ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కు తగిలించే రేడియో రిసీవర్) పెట్టి కంప్యూటర్‌లో ఎస్‌డీఆర్‌యాంగెల్ సాఫ్ట్‌వేర్ వేసుకో. టీవీ భాగం హారిజాంటల్ పోలరైజేషన్ (అడ్డంగా ఊగే తరంగం) కాబట్టి ఎల్‌ఎన్‌బీకి 18 వోల్టులు విడిగా ఇవ్వాలి, డాంగిల్ అంత ఇవ్వలేదు. డిష్ 90 సెంటీమీటర్లది అయితే నిశ్చింత, చిన్నదైనా ముందు బీకన్ కోసం ప్రయత్నించు.

చిత్తూరు_పాతకాపు:
డిష్ తిప్పే ముందు ఆ ఎల్‌ఎన్‌బీ మీద ఏం రాసుందో ఒక ఫొటో పెట్టు. 9750 లేకుండా ఒక్క 10600 అనే ఉంటే దీనికి పనికిరాదు, వేరేది కొనుక్కోవాలి.