ఈ పాత ఫొటోలో ఉన్నది కాలీ కమానా, పడమటి కమానా?

ఇంట్లో దొరికిన నలుపు తెలుపు ఫొటో ఒకటి ఉంది. వెనకాల 'గుల్జార్ హౌజ్' (హైదరాబాద్ పాతబస్తీలో చార్మినార్‌కు ఉత్తరాన ఉన్న పాత ఫౌంటెన్) అని మాత్రమే రాసి ఉంది, తేదీ లేదు. ముందు హౌజ్ గట్టు, దాని వెనక ఒకే ఒక్క కమాను.

హౌజ్‌కు నాలుగు దిక్కులా ఉన్న చార్ కమాన్‌లో (నాలుగు కమానుల్లో) ఏ కమాను ఇది అన్నదే తేలడం లేదు. వెనక చార్మినార్ మినార్లు కనపడవు కాబట్టి దక్షిణపు కమాను కాదు. మనుషుల నీడలు పొడుగ్గా కెమెరా వైపు పడ్డాయి, అంటే సూర్యుడు కమాను వెనకే ఉన్నాడు. దాంతో ఉత్తరాన ఉన్న మచ్లీ కమాను కూడా పోయింది. పొద్దున తీస్తే తూర్పున కాలీ కమాను, సాయంత్రమైతే పడమటి షేర్-ఎ-బాతిల్ కమాను. ఒకప్పుడు నగారాలు మోగింది మొదటి దాని మీద, కుతుబ్‌షాహీల రాజభవనానికి దారి రెండోది.

స్వయంగా వెళ్లి పోల్చి చూశాను. నగల దుకాణాల బోర్డులు, కరెంటు వైర్లు అడ్డం, పైగా ఆ ట్రాఫిక్‌లో హౌజ్ దగ్గర నిలబడితే హారన్లతో చంపేస్తారు. నెట్‌లో దొరికిన పాత ఫొటోలన్నీ చార్మినార్ వైపువే.

ఫొటోలో ఎడమ పక్కన చెక్క బాల్కనీ ఉన్న రెండంతస్తుల మేడ కమానును ఆనుకుని ఉంది. అలాంటి మేడ ఈ రెండింటిలో ఏ కమాను పక్కన ఉండేదో పాతబస్తీవాళ్లు ఎవరైనా చెప్పగలరా?