రేడియో బర్స్ట్: పేలుడా, జల్లా?

సైన్సు వ్యాసం ఒకటి తెలుగు చేస్తూ "సోలార్ రేడియో బర్స్ట్" దగ్గర ఆగిపోయాను. "సౌర రేడియో విస్ఫోటం" అని రాస్తే మా అమ్మాయి చదివి "రేడియో పేలిందా నాన్నా?" అంది. తప్పు నాదే. పేలేది సౌరజ్వాల. బర్స్ట్ అంటే సూర్యుడి నుంచి వచ్చే రేడియో తరంగాలు ఉన్నట్టుండి పెరిగిపోవడం. దీనికి మంచి మాట ఏదైనా చెప్పండి.

జవాబు: "పొంగు" ఎలా ఉంటుందండీ? పాలు పొంగినట్టు ఒక్కసారిగా లేచి తగ్గిపోతుంది కదా.

బాగుంది గానీ అన్ని రకాలకూ అతకదండీ. 1950లో ఆస్ట్రేలియాలో వైల్డ్, మెక్‌క్రెడీ అనే శాస్త్రవేత్తలు వీటిని మూడు రకాలు చేశారు. మూడో రకం కొన్ని సెకన్లలోనే ఎక్కువ ఫ్రీక్వెన్సీ నుంచి తక్కువకు జారిపోతుంది, అది జల్లు. మొదటి రకం గంటలు, ఒక్కోసారి రోజుల తరబడి వదలదు. ఇంగ్లీషు వాళ్లు దాన్ని "స్టార్మ్" అన్నారు గానీ నన్నడిగితే అది అచ్చంగా ముసురు.

జవాబు: "రేడియో జల్లు" అంటే ఎఫ్‌ఎం ప్రోగ్రాం పేరులా ఉంది సార్!

నిజమే. "రేడియో తరంగాల జల్లు" అని సాగదీయక తప్పదు.

చిక్కంతా రెండో రకంతోనే. సూర్యుడి కరోనాలో, అంటే బయటి వాతావరణంలో, ఒక షాక్ తరంగం పైకి వెళ్లేకొద్దీ అక్కడి ప్లాస్మా (విద్యుదావేశమున్న వేడి వాయువు) పలచగా ఉంటుంది, దాంతోపాటు ఫ్రీక్వెన్సీ నిమిషాల మీద మెల్లగా దిగుతుంది. ఆ దిగే తీరును బట్టి షాక్ వేగం లెక్కకడతారు. రేడియో తరంగాలు 8 నిమిషాల్లో మనకు చేరతాయి, వెనకాల ప్లాస్మా మబ్బు బయల్దేరి ఉంటే దానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. హిందూపురం పక్కనే, గౌరీబిదనూరులో ఉన్న రేడియో యాంటెన్నాలు ఇలాంటి వాటినే గమనిస్తుంటాయి. ప్రతి మబ్బూ మన వైపే రాదనుకోండి.

జవాబు: అయితే "ముందు కబురు" అనేయొచ్చుగా?

నాకూ ముందు అదే తోచింది. కానీ కబురే దెబ్బ కొడుతుంది! 1942 ఫిబ్రవరిలో బ్రిటిష్ రాడార్లు మూగబోతే జర్మన్ల పని అనుకున్నారు. అది సూర్యుడి పని అని బ్రిటిష్ శాస్త్రవేత్త జె.ఎస్. హే తేల్చాడు. ఆ రోజు రాడార్లను చెడగొట్టింది రేడియో తరంగాలే, వెనక వచ్చే మబ్బు కాదు.

వ్యాసం రేపు పంపాలి. జల్లు, ముసురు ఉంచాను. రెండో రకం దగ్గర మాత్రం "బర్స్ట్" అనే వదిలేశాను.