జీపీయూ ఉంటేనే నడిచే లైబ్రరీని రిపాజిటరీలోకి తీసుకోవాలా, వద్దా?

గిరిధర్_జి
పెద్ద పెద్ద మ్యాట్రిక్స్ లెక్కలను ఎన్వీడియా గ్రాఫిక్స్ కార్డు (జీపీయూ) మీద చేసే లైబ్రరీ ఒకటి రాశాను. అందరూ ప్యాకేజీలు దించుకునే ఒక రిపాజిటరీకి పంపితే రెండుసార్లు తిప్పి పంపారు. పేరు రాయను. మొదటిసారి వాళ్ల మెషీన్‌లో ఎన్వీడియా కార్డులకు ప్రోగ్రామ్‌లు రాసే కుడా (CUDA) టూల్‌కిట్ లేక కంపైలే కాలేదు. సరేనని కాన్ఫిగర్ స్క్రిప్టు రాశాను. కుడా కంపైలర్ ఎన్వీసీసీ కనబడకపోతే లోపల ఏమీ లేని డొల్ల ఫంక్షన్లు కంపైల్ అవుతాయి, పిలిస్తే "కార్డు దొరకలేదు" అని ఎర్రర్ ఇస్తాయి. ఉదాహరణలన్నీ చెకింగ్‌లో రన్ కాకుండా గుర్తు పెట్టాను. ఇప్పుడేమో "ఒక్క లైను కూడా నడిపి చూడలేకపోయాం, ఇలా తీసుకోలేం" అంటున్నారు. కార్డు లేనిది వాళ్ల దగ్గర, ఆగిపోయింది నా ప్యాకేజీ. ఇది న్యాయమేనా?

రవళి
గిరిధర్ గారూ, ఖాళీ దొరికినప్పుడు నేనూ ఒక చిన్న రిపాజిటరీకి వచ్చే ప్యాకేజీలు చూస్తుంటాను. నేనైనా మీకు ఇదే జవాబు ఇచ్చేదాన్ని. ఆర్ భాషకున్న రిపాజిటరీ క్రాన్‌లో కూడా, నడపొద్దని చెప్పే డోంట్‌రన్ గుర్తు నిజంగా నడపడానికి వీల్లేని ఉదాహరణలకే పెట్టమంటారు, అదనపు సాఫ్ట్‌వేర్ లేకపోవడం, ఏపీఐ కీ లేకపోవడం లాంటివన్నమాట. మీరు ప్యాకేజీ మొత్తానికి ఆ గుర్తు తగిలించారు. ఇక చూసేవాళ్లు ఏం చూడాలండీ? డాక్యుమెంటేషన్‌లో అక్షరదోషాలా?

గిరిధర్_జి
అదనపు సాఫ్ట్‌వేర్ లేకపోవడం అని మీరే రాశారు మేడమ్. నాదీ అదే కేసు.

రవళి
కొన్ని ఉదాహరణలకు అన్నాను. అన్నింటికీ కాదు.

పాత_కంపైలర్
అసలు తప్పు ఆ డొల్ల ఫంక్షన్ల దగ్గరుంది. కార్డు లేకపోతే ఇన్‌స్టాల్ అక్కడే ఆగిపోవాలి. ఇన్‌స్టాల్ అయింది కదా అని మనిషి నమ్ముతాడు, ప్రోగ్రామంతా రాసుకుంటాడు, చివర్లో ఎర్రర్ చూస్తాడు. ఇది మోసం.

క్లస్టర్_బాబు
అలా ఆపితే మా పని మొత్తం ఆగిపోతుందండీ. చాలా మెషీన్లు కలిపిన క్లస్టర్‌లో మేం లాగిన్ అయ్యే నోడ్‌లో (మెషీన్‌లో) కార్డు ఉండదు. ఇన్‌స్టాల్ చేసేది అక్కడే. జాబ్ క్యూలో పడి నడిచేది వేరే నోడ్‌లో, కార్డు ఉండేది అక్కడ. టూల్‌కిట్ ఉందా అని ఇన్‌స్టాల్ అప్పుడు చూడండి, కార్డు ఉందా అని రన్ అయ్యేటప్పుడు చూడండి. రెండూ వేరు. జూలియా భాషలో కుడా (CUDA) ప్యాకేజీ కార్డు లేని మెషీన్‌లో కూడా లోడ్ అవుతుంది, పనిచేస్తుందా లేదా అని అడగడానికి ఫంక్షనల్ అని ఒక ఫంక్షన్ ఇచ్చారు.

పాత_కంపైలర్
నేనడిగింది క్లస్టర్ గురించి కాదు. టూల్‌కిట్ లేనప్పుడు కూడా ఈయన ప్యాకేజీ "విజయవంతంగా ఇన్‌స్టాల్ అయింది" అంటోంది. దానికి జవాబు చెప్పండి.

గిరిధర్_జి
అలా అనకపోతే వాళ్ల చెకింగే దాటదు కదా! ఇన్‌స్టాల్ ఆగితే ఒకరు తిప్పి పంపుతారు, ఆగకపోతే మీరు మోసమంటారు.

శాంతి_పి
ఆర్‌లో టార్చ్ ప్యాకేజీ చూడండి. అసలు లెక్కలు చేసే బరువైన లిబ్‌టార్చ్ లైబ్రరీని ప్యాకేజీలో పెట్టరు, తర్వాత ఇన్‌స్టాల్_టార్చ్ అని పిలిస్తే దిగుతుంది. పైథాన్ వాళ్లు జీపీయూ లెక్కల లైబ్రరీ క్యూపైని కుడా వెర్షన్‌కొక పేరుతో తమ రిపాజిటరీ పైపీఐలో పెడుతున్నారు. దారులు ఉన్నాయి.

రవళి
దారులు ఉన్నాయి, నిజమే. కానీ గిరిధర్ గారూ, మామూలు ప్రాసెసర్ (సీపీయూ) మీద నడిచే దారి ఒకటి ఎందుకు రాయలేదు మీరు? పదికి పది మ్యాట్రిక్స్ ఇస్తే మామూలు లూప్‌తో జవాబు రావాలి. నెమ్మదిగా వచ్చినా ఫర్వాలేదు, జవాబు సరైనదో కాదో తెలుస్తుంది. ఒక్క ఎన్వీడియాకే కట్టుబడని ఓపెన్‌సీఎల్‌లో రాసుంటే, దాన్ని కార్డు లేకుండా నడిపే పోకల్ పెట్టుకుని సీపీయూ మీదే నడిపి చూసేవాళ్లం.

గిరిధర్_జి
ఎందుకంటే అది నా లైబ్రరీ పని కాదు. సీపీయూకి ఓపెన్‌బ్లాస్ అనే మ్యాట్రిక్స్ లైబ్రరీ ఉంది, నేను రాసే లూప్ ఎవరికీ అక్కర్లేదు. పైగా సీపీయూ లూప్ సరిగ్గా వస్తే నా జీపీయూ కర్నెల్ (కార్డు మీద నడిచే ఫంక్షన్) సరైనదని రుజువవుతుందా? కార్డు మీద ఒకేసారి నడిచే థ్రెడ్ల మధ్య సింక్ తప్పితే ఆ లూప్‌లో కనబడుతుందా? పనికిరాని కోడ్ రాసి పచ్చ టిక్కు తెచ్చుకోమంటున్నారు మీరు. నిజాయితీగా "నడపలేరు" అని రాసినవాణ్ని బయట నిలబెట్టి, అలా టిక్కు తెచ్చుకున్నవాళ్లను లోపలికి రానిస్తారు. చాలా బాధగా ఉంది.

రవళి
బాధ మీ ఒక్కరిదే కాదండీ. నా ప్యాకేజీ ఒకప్పుడు ఇలాంటి దాని మీదే ఆధారపడింది. కంపైలర్ కొత్త వెర్షన్ రాగానే అది విరిగింది. రాసినాయన మెయిల్‌కి జవాబివ్వలేదు. దాన్ని తీసేస్తున్నాం, మీ ప్యాకేజీ కూడా సరిచేసుకోండి అని నాకు గడువు పెట్టి నోటీసు వచ్చింది. కార్డు నా దగ్గరా లేదు. నా తప్పు లేకుండా రాత్రిళ్లు కూర్చుని ఆ భాగమంతా పీకేశాను. చేర్చిన రోజు ఎవరైనా ఒక్కసారి నడిపి చూసుంటే దాన్ని నమ్ముకునేదాన్ని కాదు.

క్లస్టర్_బాబు
మేడమ్, అది కంపైలర్ మారాక విరిగింది. చేర్చిన రోజు నడిపినా తెలిసేది కాదేమో?

రవళి
తర్వాత రోజూ నడిపే చెకింగ్‌లో తెలిసేది. అక్కడా అన్నీ స్కిప్పే.

గిరిధర్_జి
అసలు విషయం చెప్తాను. మేం పనిచేసే చోట రిపాజిటరీలో లేని ప్యాకేజీని సర్వర్లలో పెట్టనివ్వరు. నా గిట్ లింకు ఇస్తే చూడను కూడా చూడరు. కోడ్ అదే, నేనూ అదే. ఆ జాబితాలో పేరుంటే చాలు, పెట్టేస్తారు.

రవళి
నేను భయపడేది సరిగ్గా దానికే. ఆ జాబితాలో ఉందంటే ఎవరో నడిపి చూశారని మీ సర్వర్ వాళ్లు అనుకుంటున్నారు. మీరేమో ఎవరూ నడపకుండానే ఆ పేరు కావాలంటున్నారు.

గిరిధర్_జి
నాకు రిపాజిటరీ అంటే లైబ్రరీ దొరికే చోటు. లైసెన్సు, వెర్షన్, ఎవరిని అడగాలి, ఇవి సరిగ్గా ఉంటే చాలు. లెక్క సరైనదో కాదో వాడేవాళ్లు తేల్చుకుంటారు.

శాంతి_పి
ఇద్దరూ ఇంతసేపూ వాదిస్తున్నది ఈ ఒక్క ముక్క మీదేనని ఇప్పుడు తెలిసింది. డెబియన్ లినక్స్ వాళ్లు దొరకడం వేరు, ప్రధాన విభాగం మెయిన్‌లో ఉండడం వేరు అని విడగొట్టారు. కుడా టూల్‌కిట్ స్వేచ్ఛా లైసెన్సు లేని వాటికి పెట్టిన నాన్‌ఫ్రీలో ఉంటుంది, దాని మీద ఆధారపడే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మెయిన్‌లోకి రాదు, కాంట్రిబ్‌లో ఉంటుంది. దొరుకుతుంది, కానీ దాని స్థానమేంటో పేరులోనే తెలుస్తుంది. ఏఎండీ కార్డుల విషయంలో అక్కడి ఆర్‌ఓసీఎం (ఏఎండీ వాళ్ల కుడా లాంటిది) టీమ్ నిజమైన కార్డుల మీదే టెస్టులు నడుపుతోంది.

పాత_కంపైలర్
టూల్‌కిట్ లేనప్పుడు ఆ ఇన్‌స్టాల్ మెసేజ్ గురించి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

గిరిధర్_జి
"జీపీయూ భాగం లేకుండా ఇన్‌స్టాల్ అయింది" అని పెద్దగా చూపిస్తాను, అది ఈరోజే మారుస్తాను. సొంత కార్డున్న మెషీన్‌లో ప్రతి కమిట్‌కీ టెస్టులు నడిపి, ఆ లాగ్ బయట పెడతాను. సీపీయూ లూప్ మాత్రం రాయను.

రవళి
లాగ్ పెట్టండి, చదువుతాను. ఏ కార్డు, ఏ డ్రైవర్ అన్నది కూడా అందులో ఉండాలి. కానీ నా దగ్గరికే వస్తే, లూప్ లేకుండా ఇప్పటికీ తిప్పే పంపుతాను.