రిక్వైర్‌మెంట్స్ మీటింగ్ బాగా జరిగిందని తేల్చేదెలా?

నైట్‌కాల్ బీఏ:
నేను బిజినెస్ అనలిస్ట్‌ని (బీఏ), సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో, అంటే రిక్వైర్‌మెంట్స్, క్లయింట్‌ని అడిగి రాసుకునే పని నాది. మేం హైదరాబాద్‌లో, క్లయింట్ అమెరికాలో. రాత్రి 9:30కి కాల్. అయ్యాక మేనేజర్ గారు ఫామ్ పంపుతారు: మీటింగ్‌కి 5కి ఎంతిస్తారు? అందరం 4 కొట్టి పడుకుంటున్నాం. ఇదీ ఒక కొలతేనా?

టెస్టర్ అక్క:
కాదు. మా దగ్గర 4.5 వచ్చిన మీటింగ్‌లో క్లయింట్ "రిఫండ్ త్వరగా పడాలి" అన్నాడు. అందరం తలూపాం. డెవలపర్ దాన్ని రాత్రి అన్నీ కలిపి ఒకేసారి నడిచే బ్యాచ్‌లో పెట్టాడు, డబ్బు మర్నాడు పడుతుంది. క్లయింట్‌కి త్వరగా అంటే బటన్ నొక్కిన నిమిషంలో! యూఏటీలో, అంటే క్లయింట్ స్వయంగా వాడి చూసే పరీక్షలో, బయటపడి రెండు వారాల పని మళ్లీ చేశాం. ఎవరూ ప్రశ్న వేయకపోతే ఏ మీటింగైనా హాయిగానే నడుస్తుంది. మినిట్స్ (మీటింగ్‌లో అనుకున్నవి రాసిన నోట్సు) చూసి టెస్ట్ కేసులు రాస్తుంటే ఎన్నిచోట్ల ఆగి ఫోన్ చేయాల్సొచ్చిందో, లెక్కపెట్టాల్సింది అది.

పాతకాపు:
రిక్వైర్‌మెంట్స్ పత్రం ఎలా రాయాలో చెప్పే 1998 నాటి ఐఈఈఈ 830 ప్రమాణంలోనే ఉందది: రిక్వైర్‌మెంట్‌కి రెండర్థాలు రాకూడదు, పరీక్షించి తేల్చగలగాలి. కానీ అది పత్రానికి కొలత. నిర్ణయం చెప్పగల మనిషే కాల్‌లో లేకపోతే మినిట్స్ ఎంత శుభ్రంగా ఉండి ఏం లాభం?

బిల్లింగ్ డెవ్:
అక్కా, తర్వాతొచ్చే సీఆర్‌లన్నీ (మార్పు కోరే చేంజ్ రిక్వెస్టులు) మీటింగ్ నెత్తిన రుద్దకండి. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ శ్లాబులు మారాయి, మాకు బోలెడు మార్పులు. జూన్ మీటింగ్‌లో బ్రహ్మదేవుడు కూర్చున్నా అది చెప్పలేడు.

టెస్టర్ అక్క:
అందుకే తమ్ముడూ, సీఆర్ మీద ఒక ముక్క రాయాలి: "అప్పుడే అడగాల్సింది", లేదా "తర్వాత మారింది". మొదటిదే లెక్కలోకి. అది సరే, రేటు మారితే ఎలా అని జూన్‌లో ఎవరైనా అడిగారా?

బిల్లింగ్ డెవ్:
దొరికిపోయా. రేటు కోడ్‌లోనే రాసేశాం, అది మారితే కోడే మార్చాలి.

పాతకాపు:
మరి ఆ ముక్క రాసేదెవరు? అంకె అప్రైజల్‌కి వెళ్తుందని తెలిస్తే అన్నీ "తర్వాత మారింది" అయిపోతాయి. ఐబీఎంలో మైకేల్ ఫేగన్ 1976లో కోడ్ ఇన్‌స్పెక్షన్ల (తోటివాళ్లు కలిసి కోడ్ చదివి తప్పులు వెతకడం) గురించి రాస్తూ, ఆ ఫలితాల్ని ప్రోగ్రామర్ పనితీరుకి ముడిపెట్టొద్దని అప్పుడే హెచ్చరించాడు.

నైట్‌కాల్ బీఏ:
మా ఫామ్ అంకెలు వెళ్లేది అప్రైజల్‌కేనండీ! ఇవాళ చివరి 10 నిమిషాలు మా టెస్టర్ చేత మినిట్స్ పైకి చదివిస్తా, క్లయింట్ లైన్‌లో ఉండగానే. ఎన్నిచోట్ల ఆగిందో రేపు పెడతాను.