రేడియేషన్‌కే గడ్డ చాలావరకు కరిగింది, అయినా ఆపరేషన్ తప్పదా?

వానమబ్బు:
నాది రెక్టమ్ (పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్, మూడో స్టేజీ. గడ్డ మలద్వారానికి కాస్త పైనే ఉంది. ముందు రేడియేషన్, దాంతోపాటు క్యాపసిటబిన్ అనే కీమో మాత్రలు, తర్వాత కొన్ని కీమో సైకిళ్లు అయ్యాయి. మొన్న మళ్లీ ఎంఆర్‌ఐ తీస్తే గడ్డ బాగా తగ్గింది, మిగిలింది మచ్చ కావచ్చు, అందులో కణాలు ఇంకా ఉండనూ వచ్చు అని రాశారు. రక్తం పడటం ఎప్పుడో ఆగిపోయింది, నొప్పి లేదు, బరువు కూడా కొంచెం పెరిగాను. జబ్బు బయటపడ్డాక ఇంత బాగా ఎప్పుడూ లేను. సరిగ్గా ఇప్పుడే సర్జన్ గారు ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. రెక్టమ్ చాలావరకు తీసేసి పైపేగుని కిందకి తెచ్చి అతుకుతారట, ఆ అతుకు మానేవరకు పొట్ట మీద బ్యాగు, కొన్ని నెలలయ్యాక దాన్ని మూసేస్తారట.

బాగున్న మనిషిని తీసుకెళ్లి కోయించడం ఎందుకని ఇంట్లో వాళ్లు అంటున్నారు, లోపల్లోపల నేనూ అదే అనుకుంటున్నాను. కొందరికి ఆపరేషన్ చేయకుండా ఆగి చూస్తారని చదివాను. చేయించుకున్నవాళ్లు, ఆగినవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ధైర్యం చెప్పడానికి ఇంట్లో చాలామందే ఉన్నారు.

గోరువంక:
నాదీ మీలాంటి కేసే. రేడియేషన్, ఆపరేషన్, బ్యాగు, మళ్లీ మూసేయడం అన్నీ అయ్యాయి. రక్తం ఆగడం, నొప్పి పోవడం మంచి సంగతే కానీ గడ్డ పోయిందనడానికి అవి రుజువు కావండీ. రెక్టమ్ చుట్టూ ఒక కొవ్వు పొర ఉంటుంది, లింఫ్ గ్రంథులు ఉండేది అందులోనే. లోపలి గోడ మీద గడ్డ మాయమైనా ఆ గ్రంథుల్లో కణాలు మిగిలిపోయినవాళ్లు ఉంటారు. అందుకే సర్జన్లు గడ్డ ఒక్కటే తీయరు, ఆ పొర చిరగకుండా రెక్టమ్‌తో కలిపి ఒకే ముక్కగా తీస్తారు. నా స్కాన్‌లో కూడా దాదాపు మచ్చే అన్నారు, తీరా పాథాలజీలో చూస్తే గోడ లోతుల్లో కణాలు బతికే ఉన్నాయి. అందరికీ ఇలాగే అవుతుందని అనను. తీసిన ముక్కలో ఒక్క కణం కూడా దొరకనివాళ్లూ ఉన్నారు, రాపిడో అనే ట్రయల్‌లో రేడియేషన్, కీమో రెండూ ముందే ఇచ్చి ఆపరేషన్ చేస్తే 28 శాతం మందికి అలా వచ్చింది. మిగతావాళ్లకి ఎంతోకొంత మిగిలే ఉందన్నమాట.

ఆపరేషన్ నొప్పి నేను భయపడినంత లేదు, వెన్నులో పెట్టిన సన్నటి గొట్టం గుండా మందు ఎక్కుతూనే ఉంది. మర్నాడే లేపి నడిపించారు, అప్పుడు మాత్రం ఆ నర్సుని మనసులో బాగా తిట్టుకున్నాను. నన్ను నిజంగా ఏడిపించింది మూత్రం. గొట్టం తీసేశాక రాలేదు, మళ్లీ పెట్టాల్సి వచ్చింది. మూత్రానికీ దాంపత్యానికీ పనికొచ్చే నరాలు రెక్టమ్‌ని ఆనుకునే వెళ్తాయి, వాటికి దెబ్బ తగిలితే రెండింటికీ ఇబ్బంది రావచ్చు. మొదటిది అందరూ చెప్తారు, రెండోది మనం అడగం, చాలామంది డాక్టర్లు తమంతట తాము ఎత్తరు. ముందే అడిగేయండి, సిగ్గుపడే టైమ్ కాదిది.

ఇక అతుకు సంగతి. దాదాపు పది మందిలో ఒకరికి అది లీకవుతుంది. బ్యాగు పెట్టినంత మాత్రాన లీకు కాదని కాదు, అయినా ఇన్ఫెక్షన్ కడుపంతా పాకి ప్రాణం మీదకి రాకుండా కాపాడుతుంది. ఇంటికొచ్చాక జ్వరం, కడుపులో కొత్తగా నొప్పి, గుండె దడ వస్తే తెల్లారేదాకా ఆగకుండా వెళ్లిపోండి.

అందరూ బ్యాగు గురించే టెన్షన్ పడతారు గానీ నాకు కష్టమైన కాలం అది మూసేశాక మొదలైంది. మలం నిలవుండే చోటే రెక్టమ్, దాన్ని తీసేశాక నిలవకి జాగా ఎక్కడిది? కొద్దికొద్దిగా చాలాసార్లు వెళ్లాలి, వెళ్లొచ్చి కూర్చోగానే మళ్లీ వస్తున్నట్టుంటుంది, వచ్చేది గాలో మోషనో తెలీదు. దీనికి లార్స్ అని పేరు కూడా ఉంది. గడ్డ కిందకి ఉన్నవాళ్లకి, రేడియేషన్ పడినవాళ్లకి ఎక్కువ. ఎక్కడికెళ్లినా ముందు బాత్రూమ్ ఎటుందో చూసుకుని కూర్చునేవాణ్ణి. మలద్వారం చుట్టూ ఉండే కండరాలకి ఫిజియోథెరపిస్ట్ నేర్పిన ఎక్సర్‌సైజులు, డాక్టర్ రాసిన, విరేచనాలు తగ్గించే లోపెరమైడ్, వీటితో మెల్లగా దారికొచ్చింది. మునుపటిలా మాత్రం కాలేదు. ఇన్ని చెప్పినా, మళ్లీ ఎంచుకోమంటే ఆపరేషనే అంటాను, నా రిపోర్టు అలాంటిది.

చుక్కలరేయి:
కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందంటారు కదండీ. మా బంధువు ఒకాయన ఆపరేషన్ దాకా బాగానే ఉన్నాడు, కొన్నాళ్లకే ఊపిరితిత్తుల్లో వచ్చింది. తగ్గిందని వాళ్లే అంటున్నారుగా, ఇక వదిలేయండి.

రావిఆకు:
చుక్కలరేయి గారూ, మీ బంధువు విషయం వింటే బాధగానే ఉంది, కానీ ఆపరేషన్ వల్లే పాకిందని చెప్పడం సరికాదు. సాధారణంగా ఇలాంటివాళ్లకి స్కాన్‌కి అందనంత చిన్నవి అప్పటికే లోపల ఉంటాయి, అవి పెరిగి కనపడేసరికి ఆపరేషన్ అయిపోయి ఉంటుంది, దాంతో నింద కత్తి మీద పడుతుంది. ఈ మాట నమ్మి ఆపరేషన్ తప్పించుకుని, చెయ్యడానికి వీల్లేని దశలో వచ్చేవాళ్లుంటారు, అందుకే గట్టిగా అంటున్నాను.

వానమబ్బు గారూ, నేను ఆపరేషన్ చేయించుకోకుండా ఆగినదాన్ని. ఇది ఎవరో సరదాగా చెప్పిన పద్ధతి కాదు. బ్రెజిల్ సర్జన్ ఏంజెలిటా హబ్ర్ గామా 2004లో ఇలా ఆగినవాళ్ల ఫలితాలు ప్రచురించారు, మొదట చాలామంది సర్జన్లు ఒప్పుకోలేదు. తర్వాత అమెరికాలో ఓప్రా అనే ట్రయల్ జరిగింది. అందులో రేడియేషన్ ముందు, కీమో తర్వాత ఇచ్చినవాళ్లలో మూడేళ్లకి సగం మందికి పైగా రెక్టమ్ నిలిచింది. వినడానికి బావుంది కదా, కానీ దీనికి షరతులున్నాయి. వేలితో పరీక్షిస్తే గోడ నున్నగా తగలాలి, స్కోప్‌లో (కింద నుంచి పంపే కెమెరా గొట్టం) తెల్లటి మచ్చ తప్ప ఏమీ కనపడకూడదు, ఎంఆర్‌ఐలో అనుమానం ఉన్న గ్రంథి ఉండకూడదు, ఈ మూడూ కలవాలి. మచ్చలోంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తే ఏమీ రాలేదన్నంత మాత్రాన సరిపోదు, కణాలు లోతులో ఉంటే ఆ ముక్కలోకి రావు.

మీ రిపోర్టు మాటలు చూస్తే పూర్తిగా పోయిందని లేదు, దాదాపు పోయిందని ఉంది. అలాంటివాళ్లకి కొన్నిచోట్ల ఇంకొన్ని వారాలు ఆగి మళ్లీ స్కోప్, ఎంఆర్‌ఐ చేసి అప్పుడు తేలుస్తారు, ఎందుకంటే రేడియేషన్ అయిపోయాక కూడా గడ్డ కొంతకాలం తగ్గుతూనే ఉంటుంది. మీ విషయంలో అలా ఆగొచ్చా అని సర్జన్‌ని సూటిగా అడగండి. వద్దంటే ఎందుకు వద్దో చెప్పమనండి.

ఆగితే జీవితం హాయి అనుకోకండి. మొదటి రెండేళ్లు మూణ్ణాలుగు నెలలకోసారి వేలి పరీక్ష, స్కోప్, మధ్యలో ఎంఆర్‌ఐలు, క్యాన్సర్ జాడ కోసం చేసే సీఈఏ అనే రక్తపరీక్ష. మళ్లీ పెరిగేది ఎక్కువగా ఆ రెండేళ్లలోనే, పెరిగితే చాలామందికి అప్పుడు ఆపరేషన్ చేయొచ్చు, కానీ చెకప్ ఎగ్గొడితే ఆ అవకాశం కూడా పోతుంది. ప్రతి స్కోప్‌కి ముందు వారం నాకు నిద్ర ఉండదు. క్రమం తప్పకుండా వెళ్లలేనివాళ్లు ఈ దారి పెట్టుకోకపోవడమే మంచిది, ఇది నా గట్టి అభిప్రాయం.

ఇంకోటి, బయాప్సీ ముక్క మీద ఎంఎంఆర్ టెస్ట్, అంటే కణాలు తమ డీఎన్‌ఏలో తప్పుల్ని సరిచేసుకోగలుగుతున్నాయా అని చూసే టెస్ట్, చేశారా? కొద్దిమందికే ఆ సరిచేసుకోవడంలో లోపం ఉంటుంది గానీ, ఉంటే లెక్క మారిపోతుంది. 2022లో వచ్చిన ఒక రిపోర్టులో అలాంటి రోగులకి డోస్టార్లిమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇచ్చారు, కోర్సు పూర్తిచేసిన మొదటి 12 మందికీ గడ్డ కనపడకుండా పోయింది.

వానమబ్బు:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి. ఫైలు తీసి చూశాను, ఎంఎంఆర్ మామూలుగానే ఉంది, కాబట్టి ఆ మందు నాకు కాదు. రేడియేషన్ తర్వాత ఎంఆర్‌ఐ ఒక్కటే తీశారు, స్కోప్ చేయలేదు. తేదీ ఖాయం చేసేముందు స్కోప్ చేయమని అడుగుతాను. అందులో పుండు కనపడితే ఇక వెనకాడను. అలా జరిగితే బ్యాగు గురించి ముందే తెలుసుకోవాల్సింది ఏమన్నా ఉందా? దాన్ని తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తోంది.

తుమ్మెద:
నేను బ్యాగు పెట్టినవాళ్లకి నేర్పించే నర్సుని. ఆపరేషన్‌కి ముందే బ్యాగు వచ్చే చోటు పొట్ట మీద పెన్నుతో గుర్తు పెట్టించుకోండి. పడుకోబెట్టి గీసి వదిలేస్తే ఒప్పుకోకండి. నిలబడి, కూర్చుని, వంగి చూపించాలి, మీరు బట్ట ఎక్కడ కట్టుకుంటారో చెప్పాలి. మడత మీద పడితే బ్యాగు అతుక్కోదు, కారిపోయి చర్మం పుండవుతుంది.

బయటకి తెచ్చిన పేగు ఎర్రగా, తడిగా ఉంటుంది, మొదటిసారి చూసినప్పుడు చాలామంది మొహం తిప్పుకుంటారు. ముట్టుకుంటే నొప్పి తెలీదు, తుడిచేటప్పుడు చుక్క రక్తం రావడం మామూలే. నల్లబడితే మాత్రం వెంటనే చెప్పాలి. బ్యాగు సగం నిండకముందే ఖాళీ చేయండి, బరువెక్కితే ఊడొస్తుంది. బ్యాగు ఉండగా కూడా కింద నుంచి జిగురులాంటిది వస్తుంది, అతుకు ఊడిందేమోనని హడలిపోతారు, అది లోపలి పేగు పొర స్రవించేదే. చీములా ఉన్నా వాసన వస్తున్నా చూపించండి.

నేను ఎక్కువగా భయపడేది నీరు పోవడానికి. మీకు పెట్టేది చిన్న పేగుకైతే నీళ్లలా వస్తుంది, రోజుకి లీటరున్నర దాటితే ఒంట్లో ఉప్పూ నీరూ పడిపోయి కిడ్నీ దెబ్బతినొచ్చు. అప్పుడు ఉత్త నీళ్లు ఎంత తాగినా లాభం ఉండదు, ఓఆర్‌ఎస్ కావాలి. అందుకే మొదటి కొన్ని వారాలు ఎంత వస్తోందో కొలిచి రాసుకోమంటాను. మూత్రం ముదురు రంగుకి తిరిగినా, లేచి నిలబడితే కళ్లు తిరిగినా ఆ కాగితం పట్టుకుని వచ్చేయండి.