నాయక్ యశవంత్ ఘాడ్గే మీద పిల్లల కోసం చిన్న జీవితచరిత్ర: రివ్యూలో ఏం అడగాలి?

ధర్మాబాద్ మాస్టారు:

అందరికీ నమస్తే. నాందేడ్ జిల్లా ధర్మాబాద్ దగ్గర మరాఠీ మీడియం బడిలో పాఠాలు చెప్తాను. ఇంట్లో మాది తెలుగే. గోదావరికి ఈవల తెలుగు మాట్లాడుకుంటూ మరాఠీలో చదువుకునే పిల్లల కోసం కొందరం కలిసి ఒక చిన్న పుస్తకం తెస్తున్నాం. అందులోకి వచ్చే ప్రతి వ్యాసాన్నీ ఇంకొకరు చదివి తప్పొప్పులు రాసివ్వాలి, రాసినవాళ్ళ పేరు చదివేవాళ్ళకు చెప్పకూడదు అని పెట్టుకున్నాం. నా వంతుకు నాయక్ యశవంత్ ఘాడ్గే జీవితచరిత్ర వచ్చింది. నాలుగు పేజీలు, ఏడు ఎనిమిది తరగతుల పిల్లల కోసం.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఘాడ్గేది ఇప్పటి రాయ్‌గడ్ జిల్లా మాణ్‌గావ్ ప్రాంతంలోని పల్లె. 5వ మరాఠా లైట్ ఇన్ఫెంట్రీ 3వ బెటాలియన్‌లో నాయక్, అంటే సిపాయి పైన ఉండే చిన్న హోదా. 1944 జూలై 10న ఇటలీలోని ఎగువ టైబర్ లోయలో చనిపోయాడు. అప్పటికి 22 ఏళ్ళు. ఆ ఏడాది నవంబరు 2 నాటి లండన్ గెజెట్‌లో (బ్రిటిష్ ప్రభుత్వ ప్రకటనల పత్రిక) ఆయనకు విక్టోరియా క్రాస్ ప్రకటించారు. బ్రిటిష్ సైన్యంలో పరాక్రమానికి ఇచ్చే అత్యున్నత పతకం అది.

వ్యాసంలో తెలుగు చాలా బాగుంది. చదువుతుంటే ఎక్కడా ఆగబుద్ధి కాలేదు. సరిచేయాల్సినవి మాత్రం ఉన్నాయి. మొదటిది, ఆయన "ఇటలీ సైన్యంతో" పోరాడినట్టు రాశారు. ఇటలీ 1943 సెప్టెంబరులోనే లొంగిపోయింది. 1944 జూన్ 4న రోమ్ మిత్రసేనల చేతికి వచ్చాక జర్మన్లు ఉత్తరానికి తగ్గుతూ దారి పొడుగునా కొండల మీద అడ్డుకుంటూ పోయారు. ఘాడ్గే ఎదుర్కొన్నది వాళ్ళని. రెండోది, ఒకచోట సీనియో నది అని ఉంది. అది సిపాయి నామ్‌దేవ్ జాధవ్ పోరాడిన చోటు: 1945 ఏప్రిల్ 9, అదే రెజిమెంటు 1వ బెటాలియన్. ఆయనకూ విక్టోరియా క్రాసే వచ్చింది, ఆయన బతికి ఇంటికొచ్చాడు. ఇద్దరినీ కలిపేస్తే ఇద్దరికీ అన్యాయమే. ఇంకా "పది మంది శత్రువులను" అని ఉంది. గెజెట్ ప్రకారం ఒక మెషిన్‌గన్ దగ్గర ఆయన చేతిలో పోయింది నలుగురు.

ఇవి సులువు, రాసిచ్చేస్తాను. నా ఇబ్బంది వేరే ఉంది. గెజెట్‌లో జరిగింది ఇలా ఉంది: దగ్గర్నుంచి వచ్చిన మెషిన్‌గన్ కాల్పుల్లో ఆయన సెక్షన్ (ఆయన కింద ఉన్న చిన్న దళం) మొత్తం చచ్చో గాయపడో పడిపోయింది, ఆయనొక్కడే మిగిలాడు. టామీగన్ (చేత పట్టుకుని వరసగా కాల్చే తుపాకీ) కాలుస్తూ ఆ మెషిన్‌గన్ మీదికి ఉరికాడు. గ్రెనేడ్ విసిరి గన్నునీ దాన్ని పేల్చేవాణ్ణీ లేపేశాడు, ఇంకొకణ్ణి కాల్చాడు. మ్యాగజిన్ (తూటాలుండే పెట్టె) మార్చే వ్యవధి లేక టామీగన్‌ను గొట్టం దగ్గర పట్టుకుని మిగిలిన ఇద్దరినీ కొట్టి చంపాడు. తర్వాత స్నైపర్ల తూటాలు ఛాతీలో, వీపులో తగిలి, తాను ఒంటరిగా పట్టుకున్న ఆ స్థావరంలోనే ప్రాణం విడిచాడు.

వ్యాసంలో ఆ కొట్టి చంపడం లేదు. "మిగిలినవారిని కూడా జయించాడు" అని ఒక్క మాటతో దాటేశారు. దాని బదులు చివరి క్షణంలో అమ్మను, కొంకణ్ వానను తలుచుకుంటూ ఆయన మాట్లాడినట్టు పెద్ద పేరా పెట్టారు. ఆ పేరా తీసేసి, గెజెట్‌లో ఉన్నది పెట్టమని అడగాలా? పిల్లల పుస్తకం కదా అని వదిలేయాలా? మీరైతే ఏం చేస్తారు?

మాజీ హవల్దార్, దెగ్లూర్:

మాస్టారూ, రామ్ రామ్. పెట్టుమనే చెప్పుండ్రి. నేను ఫౌజుల ఉండి వచ్చినోన్ని. మ్యాగజిన్ మార్చే టైం లేకుండె అన్న ముచ్చటలనే ఆయన కథంతా ఉన్నది. ఖాళీ మ్యాగజిన్ గుంజాలె, సంచిలకెళ్ళి ఇంకోటి తియ్యాలె, పెట్టాలె. రేంజ్ మీద ఇది నాలుగైదు సెకండ్ల పని. ఎదురుంగ ఇద్దరు మనుషులు చెయ్యి చాపితే అందేటంత దూరంల ఉంటే ఆ నాలుగైదు సెకండ్లు యాడికెళ్ళి వస్తయి? టామీగన్ల ఇరవయో ముప్ఫయో తూటాలు పడ్తయి, వదలకుండ కాలిస్తే చూస్తుండంగనే అయిపోతయి.

ఇంకోటి. అన్ని తూటాలు కాల్చినంక గొట్టం ఎంత కాలుతుంటదో చేతిల పట్టుకున్నోనికే ఎరుక. ఆ గన్ను ఖాళీదే నాలుగున్నర కిలోలకు పైన ఉంటది. కాలే గొట్టం పట్టుకొని తిప్పి కొట్టిండు. దాన్ని "జయించాడు" అని రాస్తే ఆ పిల్లగాడు చేసిన పని ఏం తెలుస్తది మన పిల్లలకు? ఇరవై రెండేండ్ల పిల్లగాడు, మాస్టారూ.

సెక్షన్ అంటే పది మంది లోపు ఉంటరు. అంత మంది పోరగాళ్ళు ఆయన చేతి కింద ఉన్నరు, ఆయన కండ్ల ముంగటనే పడిపోయిన్రు. వ్యాసంల వాళ్ళ గురించి ఒక్క ముక్కన్న ఉన్నదా? లేకుంటే అది గూడ అడుగుండ్రి.

బల్లార్షా నుంచి:

నేను ఒప్పుకోను. మా అమ్మాయి ఏడో తరగతి. చేతులతో మనుషుల్ని కొట్టి చంపడం వీరత్వం అని దానికి నేర్పించలేను. చంపబడ్డవాళ్ళు కూడా ఎవరి పిల్లలో. అమ్మ పేరా తీసేయమనండి, అది కల్పన కాబట్టి. ఈ వివరం మాత్రం పెద్దల పుస్తకానికి ఉంచండి.

మీరు చెప్పని ఇంకో విషయం: వ్యాసంలో ఆయన "స్వాతంత్ర్యం కోసం" ప్రాణమిచ్చాడని ఉందా? ఇలాంటి రచనల్లో తప్పకుండా ఉంటుంది. ఉంటే దాన్ని మొదట కొట్టేయాలి. ఆయన బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో చేరి, హిట్లర్ సైన్యంతో పోరాడి చనిపోయాడు. ఆ యుద్ధానికి మన దేశం నుంచి 25 లక్షల మంది స్వచ్ఛందంగా చేరారు. అందులో ఒకడు. ఉన్నదున్నట్టు చెప్తే ఆయన గౌరవం తగ్గదు.

సిరొంచ లైబ్రరీ:

మాస్టారు గారూ, అమ్మ పేరా గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఆయన మనసులో ఏముందో గెజెట్ ఒకే ఒక్క మాట చెప్తుంది: తనతో రావడానికి ఇంక ఎవరూ మిగల్లేదని బాగా తెలిసీ, ఏమాత్రం తటపటాయించకుండా ఉరికాడని. నాకు ఆ వాక్యం చదివితే ఊపిరాడలేదు. రాసినవాళ్ళు కొంకణ్ వాన కల్పించాల్సిన అవసరం ఏముంది, ఇది చేతిలో ఉండగా? వ్యాసానికి నడిమధ్యలో ఈ మాట పెట్టమనండి. అమ్మ పేరా దానంతట అదే అనవసరమైపోతుంది.

హవల్దార్ సాబ్ అడిగిన పడిపోయిన సెక్షన్ కూడా ఈ మాటలోనే వచ్చేస్తుంది.

బల్లార్షా వారి బాధ నాకు అర్థమైంది. కానీ మా లైబ్రరీకి వచ్చే ఏడో తరగతి పిల్లలు ఫోన్లలో రోజంతా తుపాకుల ఆటలే ఆడుతున్నారు. వాటిల్లో మ్యాగజిన్ అయిపోతే ఒక్క మీట నొక్కితే మళ్ళీ నిండుతుంది, చచ్చినవాడు మళ్ళీ లేస్తాడు. నిజం యుద్ధం ఇలా ఉంటుందని వాళ్ళకు ఒక్క వాక్యంలో చెప్పాలి. వర్ణన వద్దు, విశేషణాలు వద్దు. గెజెట్ ఎంత పొడిగా చెప్పిందో అంతే.

చివర్లో సమాధి సంగతి చూశారా? ఇటలీలో ఆయన సమాధి ఉందని రాసి ఉంటే తప్పు. ఆయన పేరు ఇటలీలోనే ఉన్న కస్సినో స్మారకం మీద ఉంది. అక్కడ చెక్కినవి సమాధి ఎక్కడో తెలియని సైనికుల పేర్లు, నాలుగు వేలకు పైనే.

ధర్మాబాద్ మాస్టారు:

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. బల్లార్షా అన్నా, మీరు ఊహించినట్టే "స్వాతంత్ర్య పోరాటంలో" అని మొదటి పేరాలోనే ఉంది. కొట్టేయమని రాశాను. సమాధి గురించీ ఉంది మేడం, "మోంటోనే గ్రామంలో ఆయన సమాధి" అని. మోంటోనేలో ఉన్నది 2023లో పెట్టిన స్మారకం, ఒక నీడ గడియారం. ఇటలీ ఊరివాళ్ళు తమ నేల మీద మరాఠీ పల్లె కుర్రాడి పేరు నిలబెట్టారు. సమాధి కంటే ఈ నిజమే పిల్లలకు ఎక్కువ గుర్తుంటుంది. మాణ్‌గావ్‌లోని ఆయన విగ్రహం గురించి కూడా ఒక వాక్యం కలపమన్నాను, మన పిల్లలు వెళ్ళి చూడగలిగేది అదే కాబట్టి.

కొట్టి చంపిన సంగతి పెట్టమనే రాశాను. బల్లార్షా అన్నా, దాన్ని వీరత్వానికి ఉదాహరణగా పెట్టమనలేదు. ఆ పూట ఏం జరిగిందో అదే చెప్పమన్నాను. ఆ ఇద్దరు జర్మన్లను "రాక్షసులు" అని రాశారు, ఆ మాట తీసేయమన్నాను. మీ అమ్మాయికి చదివి వినిపించి, అది ఏమడిగిందో ఇక్కడ రాస్తే రెండో ముద్రణకు పనికొస్తుంది.

హవల్దార్ సాబ్, కాలే గొట్టం సంగతి గెజెట్‌లో లేదు. అందుకని కథలో కలపకుండా, మీలాంటి సైనికుడి మాటగా కింద ఒక పెట్టెలో వేద్దామని సంపాదకులను అడుగుతున్నాను. మీకు అభ్యంతరం లేకపోతే ఈ ఆదివారం లోపు ఆ నాలుగు ముక్కలే మళ్ళీ రాసి పంపండి. మీ భాషలోనే రాయండి, దిద్దకుండా వేస్తాం.